కైరులెయుస్: ఒక లాటిను విశేషణమును, మన కట్లపామును

మన తెలుగు గ్రామములలో కట్లపాము నెరుగని యిల్లు అరుదు. అయిన దాని శాస్త్రనామములో మొదటి పదము తెలుగుమాట యని యెరిగినవారు మాత్రము మిక్కిలి తక్కువ. జంతుశాస్త్రజ్ఞులు దానిని బుంగారుస్ కైరులెయుస్ అందురు. ఇంగ్లీషువారి యుచ్చారణమున నిది బంగరస్ సెరూలియస్ అగును. ఇందు మొదటిది మన 'బంగారము'. రెండవది లాటిను విశేషణము. ఈ రెండును ఒకచోట నెట్లు చేరినవి, చేరినపుడు విశేషణము తన రూపమునెందుకు మార్చుకొనవలసివచ్చెను అను విషయమును చదువరుల కించుక విన్నవింపదలచినాము. ఇది వ్యాకరణపు ముచ్చటయే గాని వట్టి ముచ్చట కాదని మున్ముందు తెలియగలదు.

మొదట లాటిను పదమును చూతము. 'కైలుమ్' అనగా ఆకాశము. దానినుండి 'ఆకాశసంబంధమైనది, ఆకాశవర్ణము గలది' అను నర్థమున 'కైలులెయుస్' అను రూపము పుట్టినదని శబ్దవ్యుత్పత్తి నెరిగిన పండితులు పెక్కుమంది చెప్పుదురు. అయితే రెండు లకారములు దగ్గరగా పలుకుట రోమనుల నాలుకకు కష్టము. అందుచే మొదటిది రేఫమై 'కైరులెయుస్' అయినది. ఇది ఆ భాషలో నొంటరి ఉదాహరణము కాదు. నౌకకు సంబంధించినది 'నావాలిస్' కాగా, సూర్యునకు సంబంధించినది 'సోలాలిస్' కాక 'సోలారిస్' అయ్యెను. చంద్రునకు సంబంధించినది 'లూనారిస్'. ముందొక లకారముండుటచే ప్రత్యయములోని లకారము తప్పుకొనినది. సంస్కృతము చదివినవారికి ఇందు వింత యేమియు తోచదు. రేఫ లకారములకు భేదము లేదని మన పూర్వులనిరి. వేదమున 'అశ్రీర' అని యున్నది తరువాతి భాషలో 'అశ్లీల' అయినది.

మధ్యయుగపు లేఖకులు ఆకాశవాచకమునకు, 'బోలు' అను నర్థముగల గ్రీకు శబ్దమునకు బంధుత్వము కలదని భ్రమపడి 'ఐ' ధ్వనికి మారుగా 'ఓఎ' అను అక్షరముల జంటను వ్రాసిరి. ఆ వ్రాత నేటికిని కొన్ని పేళ్లలో మిగిలియున్నది. మెదడులో 'లోకుస్ కోయెరులెయుస్' అని వైద్యులు చెప్పు చిన్న నీలపు చోటు అట్టిదే. అస్సాము కొండలలో పూయు నీలపు వాండా పూవు పేరును అట్టిదే.

ఇక నర్థము. ఆకాశమునుండి పుట్టినది కావున దీనికి నీలమని యర్థము చెప్పుదుము. కాని రోమను కవుల వాడుకను పరికించిన నది మన 'నీల' శబ్దమువలెనే విశాలమైనదని తెలియును. సముద్రము కైరులెయుమ్. నదీదేవతలు కైరులెయీ. బ్రిటను దేశస్థులు యుద్ధమున భయము గొలుపుటకై ఆకు రసముతో నొడలికి కైరులెయమగు రంగు పూసికొందురని జూలియసు సీజరు వ్రాసెను. వర్జిలు మహాకవి తన 'ఐనెయిడు' కావ్యమున మృతులకు గట్టు శోకపట్టికలకు, పరలోకనదిని దాటించు వృద్ధుని పడవకు ఈ విశేషణమునే వాడినాడు. అచ్చట ఆకాశపు నీలిమ కాదు, చావు చీకటి. అతడే రెండు చోట్ల దీనిని పామునకు వాడెను: ఒకచోట ఉబ్బిన మెడకు, మరొకచోట వీపుమీది మచ్చలకు. మన కృష్ణుడు నీలమేఘశ్యాముడనిన నేమి రంగు అని పిల్లలు అడిగినపుడు ఏ గురువైనను తడబడును. నలుపునకు నీలమునకు నడుమ పూర్వులు గీత గీయలేదు. కట్లపాము మేని రంగును ఆ గీత లేని చోటిదే. దీపపు వెలుగున జూచిన నలుపు, పగటి వెలుగున నీలపు నిగనిగ.

ఇప్పుడు రూపములకు వత్తము. లాటిను విశేషణము విశేష్యము ననుసరించును. విశేష్యమునకు ఏ లింగమో, ఏ వచనమో, ఏ విభక్తియో, విశేషణమునకును అవియే. సంస్కృతమున 'నీలః, నీలా, నీలమ్' అనునట్లు లాటినున 'కైరులెయుస్, కైరులెయ, కైరులెయుమ్'. షష్ఠిలో పుంలింగమునకు 'కైరులెయీ', స్త్రీలింగమునకు 'కైరులెయై'. ద్వితీయలో 'కైరులెయుమ్', 'కైరులెయమ్'. ఈ సామ్యము కాకతాళీయము కాదు. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్సు సంస్కృత గ్రీకు లాటిను భాషలకు మూలమొక్కటియే కావలెనని ప్రకటించుటకు ఇట్టి పోలికలే యాధారము. ద్వివచనము మాత్రము లాటినులో నశించినది. 'ఇద్దరు', 'ఉభయులు' అను రెండు మాటలలో దాని యానవాలు మిగిలినది.

తారతమ్యమును చెప్పుటకు లాటినులో నొక చిక్కు కలదు. సాధారణముగా విశేషణము చివర ప్రత్యయము చేర్చి 'అధికతర', 'అధికతమ' రూపములను సాధింతురు. కాని ప్రత్యయమునకు ముందే యచ్చు ఉన్న పదములకు అచ్చుల గుంపు ఏర్పడునని తలచి, 'కైరులెయుస్' వంటివానికి 'మాగిస్' (ఎక్కువగా), 'మాక్సిమే' (మిక్కిలి ఎక్కువగా) అను మాటలను ముందు పెట్టుదురు. సంస్కృతమునకు ఈ యిబ్బంది లేదు. 'నీలతర', 'నీలతమ' అని నిరాటంకముగా చెప్పవచ్చును. తెలుగునకు అసలు ప్రత్యయమే లేదు. 'దీనికంటె అది నీలము' అని పని జరుపుకొందుము.

లింగము శబ్దమునకు సంబంధించినదే కాని వస్తువునకు కాదను విషయమున సంస్కృతము, లాటిను రెండును ఒకే పాఠశాలలో చదివినవి. భార్య యను నర్థముగల 'దార' శబ్దము పుంలింగము, అందును నిత్యబహువచనము. 'కళత్రము' నపుంసకము. లాటినులో వృక్షముల పేళ్లు పుంలింగపు వేషముననున్నను స్త్రీలింగములు. అందుకే రావిచెట్టు 'ఫీకుస్ రెలిగియోసా' అయినది, 'రెలిగియోసుస్' కాలేదు. ఇక మన తెలుగు చేసిన పని మరియొక తీరు. స్త్రీలను ఏకవచనమున పశువులతో, రాళ్లతో కలిపి 'వచ్చింది' అనును. బహువచనమున పురుషులతో కలిపి 'వచ్చారు' అనును. ఒంటరి స్త్రీకి లేని గౌరవము గుంపుగా వచ్చినపుడు లభించుట వ్యాకరణపు విధియే కాని న్యాయము కాదు. మన గృహములలో 'వారు వచ్చారు' అని యొక్క స్త్రీనైనను గౌరవించి చెప్పుట ఈ లోటును పూడ్చుకొనుటకే యని మాకు తోచుచున్నది.

అయినను తెలుగు విశేషణమునకు ఈ బాధ యేదియు లేదు. నల్ల కుక్క, నల్ల కుక్కలు, నల్ల కుక్కలకు. మంచి బాలుడు, మంచి బాలిక, మంచి పుస్తకము. విశేష్యము ఎన్ని వేషములు వేసినను విశేషణము కదలదు. సంస్కృతమునుండి తెలుగు పుట్టలేదని 1816లో మద్రాసున అచ్చయిన క్యాంబెలు తెలుగు వ్యాకరణమునకు ఎల్లిసు దొర వ్రాసిన పీఠిక మొట్టమొదట నిరూపించెను. విశేషణమును గురించిన యీ భేదమును తరువాతి పండితులు ఆ వాదమునకే చేర్చి చెప్పిరి.

నామమే విశేషణమగునపుడు మాత్రము తెలుగున నొక చిన్న మార్పు కలుగును. 'బంగారము' అనునది 'బంగారు గొలుసు'లో 'బంగారు' అగును. 'గుండ్లు' అనునది 'గుండ్ల' అగును. మేముండు ఊరు మేడ్చలు సమీపముననున్న గుండ్లపోచంపల్లి. పోచమ్మ తల్లి పేరిట వెలసిన పోచంపల్లులు తెలంగాణమున పెక్కు గలవు. ఒకదానికి 1951లో వినోబా భావే నడిపిన యుద్యమమువలన 'భూదాన' అను విశేషణము చేరెను. మా యూరికి 'గుండ్ల' అను విశేషణము. ఒకే పేరుగల వానిలో నొకదానిని వేరుచేసి చూపుటయే విశేషణము పుట్టిన ప్రయోజనము. జీవశాస్త్రమున ద్వినామపద్ధతి యందురే, అదియు నింతకంటె గొప్ప రహస్యము కాదు. జాతికి ఒక నామము, అందు వేరుచేయుటకు ఒక విశేషణము. స్వీడను దేశపు లినేయసు 1758లో ప్రకటించిన గ్రంథము జంతువుల కిట్టి పేళ్లకు మొదలుగా నేటికిని గణింపబడుచున్నది.

ఇక మన పాము కథ. ప్యాట్రిక్ రస్సెలు అను స్కాట్లండు వైద్యుడు మొదట సిరియాలోని అలెప్పో నగరమున పనిచేసి, 1781లో తన తమ్మునితో గూడి విశాఖపట్టణమునకు వచ్చెను. లినేయసు శిష్యుడగు కోనిగు 1785లో గతించిన పిమ్మట, ఈస్టిండియా కుంపిణీవారు రస్సెలును తమ ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి. అతడు తీరమునందలి పాములను చేర్చి, చూచి, చిత్రములు వ్రాయించి, వాని కాటును కోళ్లమీదను కుక్కలమీదను పరీక్షించెను. ఆ గ్రంథము 1796లో లండనులో నచ్చయ్యెను. అందు మాకు మిక్కిలి ప్రియమైన విషయమేమనగా, అతడు పాములకు లాటిను పేళ్లు పెట్టలేదు. తనకు పాములను తెచ్చి యిచ్చినవారి నోట విన్న తెలుగు పేళ్లనే, తన చెవికి తోచినట్లు ఆంగ్లాక్షరములలో వ్రాసికొనెను. కట్లపామునకు అతడు వ్రాసినది 'గెడి పరగూడు'. పసుపు నలుపు పట్టెలుగల మరియొక పెద్ద పామునకు 'బంగారం పామ'. రక్తపింజరికి 'కాటుక రేకుల పొడ'. రెండు వందల యేండ్ల క్రిందటి మన పల్లెవాసుల పలుకు ఆ చిత్రముల క్రింద నేటికిని నిలిచియున్నది. అయితే ఆ మాటలు చెప్పిన వారి పేళ్లు మాత్రము శాస్త్రనామములలో నెక్కడను చేరలేదు.

ఈ పాములకు లాటిను పేళ్లు పెట్టిన పని యోహాను గాట్లోబు శ్నైడరుది. ఈతడు జర్మనీవాడు, గ్రీకు భాషకు నిఘంటువు రచించిన భాషాపండితుడు. 1801లో ప్రకటించిన గ్రంథమున మన రెండు పాములను 'స్యూడోబోవా' అను జాతిలో చేర్చెను. అనగా 'బోవా కాని బోవా'. బోవా శబ్దము స్త్రీలింగము. కావున పట్టెల పాము 'స్యూడోబోవా ఫాస్కియాటా', కట్లపాము 'స్యూడోబోవా కైరులెయ' అయినవి. పట్టెలు గలది, నీలమైనది అని యర్థములు. రెండు విశేషణములును స్త్రీవేషముననే పుట్టినవి.

రెండేండ్లకు, 1803లో, ఫ్రాన్సు దేశపు దోదాను ఈ పాములకు ప్రత్యేకమైన జాతి కావలెనని భావించి, 'బంగారం పామ' అను తెలుగు పేరునుండి 'బుంగారుస్' అను జాతినామమును కల్పించెను. ఆ యేటనే, ఇరువదియేడేండ్ల ప్రాయమున నతడు గతించెను. చదువరులు గమనింపుడు. మన 'బంగారం'లోని చివరి 'అం' లాటిను కంటికి నపుంసకప్రత్యయమగు 'ఉమ్'వలె కనబడక మానదు. దానిని తీసి 'ఉస్' పెట్టినంతనే మన బంగారము రోమను పురుషుడైనది. విశేష్యము పురుషుడైన పిమ్మట విశేషణము స్త్రీగా నిలువరాదు. 'ఫాస్కియాటా' పోయి 'ఫాస్కియాటుస్' వచ్చెను. 'కైరులెయ' పోయి 'కైరులెయుస్' వచ్చెను. ఏ లింగమునకును తలవంచని తెలుగు మాట యొకటి లాటిను విశేషణముచేత లింగము మార్పించినది! ఇంకొక వింత: బంగారు చాయ గలది పట్టెల పామే. కట్లపామునకు బంగారమేదియు లేదు. అయినను జాతినామమును పంచుకొనవలసివచ్చుటచే దాని పేరు 'నీలపు బంగారము' అయినది.

ఇదే సందర్భమున రక్తపింజరి పేరును పోల్చి చూచిన నియమము చక్కగా తేటపడును. 1797లో దానికి 'కోలుబెర్ రుస్సెలీ' అని పేరిడిరి. 'రుస్సెలీ' యనగా రస్సెలు యొక్క. అది విశేషణము కాదు, షష్ఠీవిభక్తి గల నామము. కోలుబెర్ పుంలింగము. నేడు ఆ పాము చేరిన 'దబోయా' జాతి, హిందీ మాటనుండి పుట్టినది, స్త్రీలింగము. అయినను 'రుస్సెలీ' చెక్కు చెదరలేదు. మా యూరి 'గుండ్ల'వలె నది షష్ఠ్యంతము. విశేష్యపు లింగముతో దానికి పని లేదు.

కైరులెయుస్ మరి యెన్నో చోట్ల తన మూడు రూపములను చూపుచున్నది. మా చేలమీద రెక్కలల్లార్చుచు ఒకేచోట నిలిచి ఎలుకలను కనిపెట్టు బూడిద తెలుపు పక్షి 'ఎలానుస్ కైరులెయుస్'. జెర్డను పక్షిగ్రంథమున దాని తెలుగు పేరు 'అడవి రామదాసు' అని యున్నది. తోటలలో పందిళ్ల కెక్కించు నీలపు పూల తీగ 'పాసిఫ్లోరా కైరులెయ'. ఐరోపాలో 'పోలెమోనియుమ్ కైరులెయుమ్' అను పూమొక్క గలదు. పుం, స్త్రీ, నపుంసకములు మూడును తెలిసికొనుటకు బాలురకు ఈ మూడు పేళ్లు చాలును.

వ్యాకరణము ముగిసినది గాని, పాముతో మన పని ముగియలేదు. మన దేశమున 2000 మొదలు 2019 వరకు పాముకాటుచే సుమారు 12 లక్షలమంది, అనగా ఏటేట సగటున 58,000 మంది, మరణించిరని 2020లో ప్రకటింపబడిన పరిశోధన లెక్కకట్టినది. అందు ఎక్కువ మరణములు జరిగిన రాష్ట్రములలో తెలంగాణముతో గూడిన ఆంధ్రప్రదేశమును గలదు. సగము మరణములు జూను సెప్టెంబరు నెలల నడుమనే. నాగుపాము, రక్తపింజరి, చిన్న పింజరి, కట్లపాము: ఈ నాలుగే ప్రధాన ఘాతుకములు. ఇందు కట్లపాము తీరు వేరు. రాత్రివేళ నేలపై పరుండినవారిని కరచును. కాటు చీమకాటువలె నుండును, కొందరికి మెలకువయు రాదు. వాపుండదు, నెత్తురుండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, పిమ్మట కనురెప్పలు వాలుట, మాట ముద్దయగుట, ఊపిరి యందకపోవుట. అజీర్ణమని యొకరు, గాలి సోకినదని మరొకరు చెప్పుచుండగా ప్రొద్దెక్కును. మంత్రగాని గుమ్మమున గడచిన ప్రతి గడియయు ఆసుపత్రిలో ఆ రోగికి కొరవడిన గడియయే. ఈ నాలుగు పాముల విషమునకును పనిచేయు సూదిమందు ఒక్కటే గలదు. విషము ఊపిరిని ఆపినను, యంత్రముతో శ్వాస నాడించుచు రోజులకొలది కాచి బ్రతికించిన దృష్టాంతములు వైద్యగ్రంథములలో నెన్నో గలవు. నేలపై పడుకొనక మంచము వాడుట, దోమతెర అంచులను పరుపు క్రిందికి మడచుట, ఈ రెండింటికి పెద్ద ఖర్చు లేదు.

ఇచ్చటనే పేరు మాట మరల వచ్చుచున్నది. నేడు ప్రచారపత్రములలో, పాఠ్యపుస్తకములలో, వార్తలలో దీనిని తరచుగా 'క్రైట్' అని వ్రాయుచున్నారు. ఇంగ్లీషువారు హిందీలోని 'కరైత్' శబ్దమును మార్చుకొన్న మాట అది. మా యూరి చుట్టు కొత్త యిండ్లు లేచుచున్నవి. గుండ్లు పగులగొట్టినచోట, ఇటుకలు పేర్చినచోట పాములకు ఎలుకలు దొరకును. ఆ పనులకు వచ్చిన కూలీలు నేలమీదనే నిద్రింతురు. వారికి 'క్రైట్' అని చెప్పిన నేమి తెలియును? 'కట్లపాము' అనిన పసిపిల్లవాడును తెలిసికొనును. కట్లు అనగా ఒంటిమీది తెల్లని పట్టెలు, చూడగానే యానవాలు పట్టదగిన గుర్తు. రస్సెలు విశాఖపట్టణమున రెండు వందల యేండ్ల క్రిందట జనుల మాటనే నమ్మి పుస్తకము వ్రాసెను. మనము మన జనులకే హిందీ మీదుగా ఇంగ్లీషై వచ్చిన పేరు చెప్పుచున్నాము. 2024లో కేంద్ర ప్రభుత్వము పాముకాటు మరణములను 2030 నాటికి సగము చేయుటకు ప్రణాళిక నొకదానిని ప్రకటించినది. అందు పనిచేయువారు ప్రతి జిల్లాలో జనులు వాడు పాముపేరును ముందు వ్రాసికొని, పిమ్మట మందు సంగతి చెప్పిన బాగుండును.

శాస్త్రనామముల విషయమున చివరగా నొక్క మాట. జాతినామపు లింగమును విశేషణము అనుసరించి తీరవలెనని జంతునామముల అంతర్జాతీయ నియమావళి 31వ అధికరణమున విధించుచున్నది. లాటిను చదువు తగ్గిన యీ దినములలో ఈ నియమము నెత్తివేయవలెనని, మొదట నెట్లు వ్రాసిరో ఆ రూపమునే స్థిరపరుపవలెనని శాస్త్రజ్ఞులలో కొందరు వాదించుచున్నారు. వారి బాధ మాకు తెలియనిది కాదు. విభక్తులు వల్లెవేయు పిల్లల ముఖములను దినదినము చూచుచునేయున్నాము. అయినను ఆ వాదమే నెగ్గినచో కట్లపాము తిరిగి 'బుంగారుస్ కైరులెయ' కావలసియుండును. పురుషుడైన బంగారము ప్రక్కన స్త్రీరూపపు నీలము! తెలుగువారికి మాత్రము అందు తప్పేదియు వినబడదు.